మైసయ్య మూసిన కిటికీ

గోడకు బొక్క పడి రెండు గంటలైంది. ఆ రెండు గంటల్లో కిష్టవ్వ నోటికి సెలవు లేదు, ఆమె కొడుకు రాజమల్లయ్య నోటికి పని లేదు.

సిద్ధమ్మ మాత్రం కూతుర్ని ఒళ్ళో వేసుకుని ఆ బొక్క కిందే కూర్చుంది. రెండు పిడికిళ్ళు పట్టేంత బొక్క. దాని కింద రాలిన మట్టిపెళ్ళలు రాలినట్టే ఉన్నాయి, గడపార పడేసిన చోటే పడి ఉంది. ఎత్తిపెట్టడానికి ఆమె లేవలేదు. తను లేస్తే ఆ జాగాలో అత్త కూర్చుంటుంది. కూర్చుందంటే ఇక లేవదు.

తెల్లారే వేళ నాలుగేళ్ళ కొమురవ్వ పెదవులు నీలంగా మారాయి. ఎవర్నీ లేపకుండా, ఎవర్నీ అడగకుండా, సిద్ధమ్మ మూలనున్న గడపార అందుకుంది. వెనక గోడలో ఒకప్పుడు కిటికీ ఉండేది. దాని చెక్క చట్టం ఇప్పటికీ కనబడుతుంది. మామ మైసయ్య పద్దెనిమిదేళ్ళ కింద తన చేత్తో మట్టి పెట్టి దాన్ని మూశాడు. ఆయన పోయి ఏడేళ్ళైంది గాని ఆయన పెట్టిన మట్టి గట్టిగానే ఉంది. పది పోట్లకు కదల్లేదు, పదకొండో పోటుకు అవతలి వెలుతురు కనబడింది.

ఇప్పుడు పిల్ల ఛాతీలో పిల్లికూతలు ఆగిపోలేదు గాని సన్నబడ్డాయి. పెదవులకు మళ్ళీ రంగు వచ్చింది. సిద్ధమ్మకు అది చాలు. మిగిలిందంతా ఆమె వినడం లేదు. వింటున్నట్టు కూర్చుంది, అంతే.

"సచ్చిపోయినోని మాటను గడపారతోని పొడిచినవ్," అంది కిష్టవ్వ ఎన్నోసారో.

"మాటను పొడువలే అత్తా. మట్టిని పొడిచిన."

"గా మట్టే మాట. అవతల అమీనుద్దీన్ సాబు వాకిలి. వాళ్ళ ఆడోల్లు గోషల ఉంటరు. మన కిటికి వాళ్ళ వాకిట్లకు చూడొద్దని సాబు అడిగిండు, నీ మామ సరేనన్నడు. పద్దెనిమిదేండ్లాయె. ఒక్కనాడన్న నేను ఎందుకు మూసినవని అడిగిన్నా?"

"అడుగకపోతివి. అడిగితే బాగుండు."

"ఏంది?"

"ఏం లేదత్తా."

కిష్టవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏడ్చి కాదు. ఆమె కళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి. రెప్పల అంచులు ఎర్రగా పుండు పడినట్టుంటాయి. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి ఏడు ఆ కళ్ళు చూసి, పాపం అత్తకు ఏదో దుఃఖం ఉందనుకుంది సిద్ధమ్మ. రెండో ఏటికి అది దుఃఖం కాదు, పొయ్యి అని తెలిసింది. ఇప్పుడు ఏడో ఏడు. తన కళ్ళూ అలాగే తయారవుతున్నాయి.

అసలు ఆ ఇల్లు కట్టినవాడెవడో నూలును తలుచుకుని కట్టాడు, మనుషుల్ని మరిచిపోయాడు. సిద్దిపేట సాలెవాడలో వరసగా అతుక్కుని ఉన్న ఇళ్ళలో అదొకటి. వీధివైపు మగ్గం గది, దాని వెనక వంట గది, అంతే. రెండు పక్కలా పక్కిళ్ళ గోడలు. వెనక సాబు వాకిలి. వంట గదిలోంచి బయటికి రావాలంటే మగ్గం గదిలోంచే రావాలి. కప్పుకు గూన పెంకులు. వాటి సందుల్లోంచి పొగ బుద్ధి పుట్టినప్పుడు పోతుంది, లేకపోతే ఉంటుంది. కప్పులో జాగా పెడదామని ఒకసారి అనుకున్నారట గాని, కోతులు దిగి వంటంతా ఎత్తుకుపోతాయని మానుకున్నారు.

మగ్గం గదికి మాత్రం ఆ బాధ లేదు. రెండు గదుల నడుమ గుమ్మానికి ఒక ముతక దుప్పటి వేలాడుతుంది. రోజుకు మూడుసార్లు దాన్ని నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ కడతారు. గాలిలో తడి ఉంటే పోగు తెగదు. పొగ వచ్చినా మసి ఆ బట్టకే అంటుకుంటుంది, నూలుకు అంటదు. పిండినప్పుడల్లా దాంట్లోంచి నల్లటి నీళ్ళు కారతాయి. ఆ నీళ్ళను కిష్టవ్వ ఇన్నేళ్ళుగా వీధి మోరీలో పారబోసి వస్తూనే ఉంది.

దవాఖానలో డాక్టరు సాబు పోయిన మంగళవారం ఏమన్నాడో సిద్ధమ్మ చెవుల్లో ఇంకా ఉంది. పిల్ల వీపు మీద చెవి పెట్టినట్టే పెట్టి, మందు సీసా చేతికిచ్చి, "దవా నేనిస్త. గాలి ఎవలియ్యాలె? ఆ పొగల పండవెట్టుకుంట ఈ దవా తాగిస్తే నీళ్ళు తాగిచ్చినట్టే," అన్నాడు. తర్వాత బుక్కులో రాసుకోవడానికి పిల్ల తండ్రి పేరడిగాడు. మొగుడి పేరు సిద్ధమ్మ ఎట్లా చెబుతుంది? తల దించుకుంది. ఒళ్ళో ఉన్న కొమురవ్వే రొప్పుకుంటూ, మాటకూ మాటకూ నడుమ ఆగి, తండ్రి పేరు చెప్పింది.

"పొద్దెక్కింది," అంది కిష్టవ్వ. "పొడుస్తవో, కూలుస్తవో నీ ఇష్టం. వాడు పొద్దుగాలటి సంది మగ్గం మీదున్నడు. బువ్వ ఒండుతవా, నేను ఒండాల్నా?"

సిద్ధమ్మ లేవక తప్పలేదు. పిల్లను బొక్కకు ఎదురుగా, గాలి ముఖానికి తగిలేలా గోడకు ఆనించి కూర్చోబెట్టింది. అత్త వైపు ఒక చూపు చూసింది. కిష్టవ్వ ముఖం తిప్పుకుంది. మనవరాలి జాగాను లాక్కునేంత కోపం ఆమెకు కూడా లేదు.

పొయ్యిలో పత్తికట్టె పెట్టింది. మంచుకు నానిన కట్టె. యుద్ధం వచ్చిన దగ్గర్నుంచి దీపంలోకి కూడా గ్యాస్‌నూనె చుక్క దొరకడం లేదు, ఊది ఊది ముట్టించాల్సిందే. ఊదింది. పొగ లేచింది. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, రోజూలాగే తల పక్కకు తిప్పింది.

పొగ రాలేదు.

కళ్ళు తెరిచి చూసింది. బొక్కలోంచి వస్తున్న తూర్పు గాలి పొగను పొయ్యి మీదే పట్టుకుని, గదిలో తిరగనివ్వకుండా అవతలికి తోసేస్తోంది. పిల్ల చుట్టూ గాలి తేటగా ఉంది. కొమురవ్వ వేలు పెట్టి చూపించి, "అవ్వా, పొగ ఉరుకుతుంది," అంది. ఆ మాట ఒకే ఊపిరిలో అంది.

ఏడేళ్ళలో మొదటిసారి సిద్ధమ్మ పొయ్యి ముందు కూర్చుని నవ్వింది. ఇంత చిన్న పనా, ఇన్నేళ్ళూ ఎందుకు చెయ్యలేదు అనుకుంది. ఇంకో రెండు కట్టెలు ఎగదోసింది. కుండ ఎక్కించింది. కిష్టవ్వ కూడా మాట ఆపి, కొంగు తీసి, పొడిగా ఉన్న తన కళ్ళను ఒకసారి వేళ్ళతో తడుముకుంది.

పొగ ఎటు ఉరుకుతోందో మాత్రం ముగ్గురిలో ఎవరూ చూడలేదు.

మగ్గం చప్పుడు ఆగింది.

ఆగిన చప్పుడుకు అర్థం ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పోగు తెగితే ఆగుతుంది, అతికించగానే మళ్ళీ మొదలవుతుంది. ఈసారి మొదలు కాలేదు. సిద్ధమ్మ తల తిప్పి చూస్తే, గుమ్మానికున్న తడిబట్ట గాలికి పొంగి మగ్గం గదిలోకి వంగి ఉంది. దాని పై అంచుకూ గుమ్మానికీ నడుమ జానెడు సందు. ఆ సందులోంచి పొగ నల్లగా, దారంతా తనదే అన్నట్టు లోపలికి పోతోంది.

రాజమల్లయ్య బట్ట తొలగించి నిలబడ్డాడు. మనిషి కోపంగా లేడు. భయపడి ఉన్నాడు.

"పడుగు," అన్నాడు.

ఆ ఒక్క మాటకు కిష్టవ్వ లేచి పరుగెత్తింది. వెనకే సిద్ధమ్మ వెళ్ళి గుమ్మంలో ఆగింది. మగ్గం మీద బారుగా పరిచిన తెల్లటి పడుగు నూలు. అప్పుడే గంజి పూసినట్టున్నాడు, తడి ఆరలేదు. ఆ తడికి మసి వచ్చి అతుక్కుంది. ఒక మూల నువ్వులు చల్లినట్టుంది. తుడిస్తే ఇంకా పాకుతుందని అతనికి తెలుసు, అందుకే చెయ్యి పెట్టకుండా దూరంగా నిలబడ్డాడు.

"ఎంత దూరం పట్టింది కొడుకా?"

"మూరెడు. ఇంకొంచెం సేపైతే అంత పట్టు."

"కడుగరాదా?"

"మసి కడిగితే పోతదా అవ్వా? నీకెరుకలేదా?" అతను నూలు మీంచి చూపు తీయలేదు. "సావుకారి నూలు. పర్మిట్ మీద తెచ్చిచ్చిండు. ఇది కరాబైతే ఇంకోటి యాడికెల్లి తెస్తడు? హుస్నాబాద్ల పెండ్లికి చీరెలియ్యాలె. మగ్గం ఒక్కసారి ఆగిందంటే నాకు మల్లెవ్వడు నూలియ్యడు."

"పొయ్యార్పు," అంది కిష్టవ్వ కోడలితో.

సిద్ధమ్మ వెళ్ళి కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. తెల్లటి ఆవిరి లేచి ఆమె ముఖానికే కొట్టింది. కుండలో బియ్యం సగం ఉడికి ఆగాయి. పిల్ల దగ్గడం మొదలుపెట్టింది.

రాజమల్లయ్య గుమ్మం దగ్గరికి వచ్చాడు. బొక్క వైపు చూశాడు.

"మూస్త," అన్నాడు.

"పిల్ల?"

"పిల్లను తీస్కోని కోహెడ పో. మీ అన్నింట్ల ఉండు సలికాలం ఎల్లెదాక."

"మా అన్నింట్ల పొయ్యి లేదా? గాడ పొగ తెల్లగుంటదా?"

అతను మూలనున్న తట్ట వైపు చూశాడు.

"ఇగో, నిన్నే," అంది సిద్ధమ్మ. "కోహెడకు పోయినా గంతే, గీ బొక్క ఉండొద్దంటవ్. మరి పిల్లను మగ్గం గదిల కూసోవెట్టు. గాడ గాలి మంచిగుంటది గద."

"పిల్లలు గా గదిలకు రావొద్దు."

"ఎందుకు?"

"నూలు ముట్టుకుంటరు. నాయిన కాడినుంచి లేదు."

"ఎన్ని నాయిన కాడినుంచి లేవో, అన్ని నా బిడ్డ మీదికే వస్తున్నయి." ఆమె గొంతు పెరగలేదు. ఇంకా తగ్గింది. "నూలుకు తడిబట్ట కట్టినవ్. మంచిగ చేసినవ్. నూలు తెగొద్దు, నూలుకు మసంటద్దు. మరి గిదానికేం కట్టినవ్?"

కొమురవ్వ తన గురించేనని తెలిసి దగ్గు ఆపుకోవడానికి నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. అది చూసి రాజమల్లయ్య ముఖం తిప్పుకున్నాడు. చెడ్డవాడు కాదతను. ఒక చేతిలో బిడ్డా ఇంకో చేతిలో కూడూ పెట్టి ఏదో ఒకటి వదలమంటే ఎవడైనా అట్లాగే నిలబడతాడు. అయినా సిద్ధమ్మకు ఆ నిలబడ్డ మనిషి మీద అసహ్యం పుట్టింది. పుట్టినందుకు ఏడుపు వచ్చింది.

అతను మూలనున్న తట్ట తీసుకుని, బొక్క కింద పడ్డ మట్టిపెళ్ళలన్నీ ఎత్తుకున్నాడు. తండ్రి పెట్టిన మట్టే. నీళ్ళు పోసి తొక్కడానికి వీధిలోకి వెళ్ళాడు. మట్టి పదునుకు రావడానికి ఎంతసేపు పడుతుంది? పావుగంట. అంత గాలి మిగిలింది కొమురవ్వకు.

సిద్ధమ్మ పిల్లను ఎత్తుకుని దాని ముఖాన్ని బొక్కకు ఆనించింది. "తీస్కో బిడ్డా. మంచిగ తీస్కో," అంది. దాచుకుని తర్వాత వాడుకోవచ్చన్నట్టు.

అప్పుడు అవతలి నుంచి ఎవరో మాట్లాడారు.

"కౌన్? ఎవలమ్మా గది? పిల్లకు ఏమైంది?"

ఆడగొంతు. పెద్ద వయసు. కిష్టవ్వ ఉలిక్కిపడి లేచి, మాట్లాడొద్దన్నట్టు కోడలికి చెయ్యి ఊపింది. సిద్ధమ్మ పట్టించుకోలేదు.

"నేనమ్మా, సిద్ధమ్మను. కిష్టవ్వ కోడల్ని. పొద్దుగాల మట్టి మీ వాకిట్ల పడ్డట్టుంది. తప్పైంది."

"మట్టికేమైతది బేటీ, ఊడ్చుకున్న. నేను బషీరున్నీసాను. పొద్దున్నుంచి వింటనే ఉన్న, మీ పిల్ల దమ్ము తీసుడు. దగ్గరికి రావాల్నా వద్దా అని ఆలోచన చేస్తున్న." గొంతు ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. "కిష్టక్క ఉన్నదా?"

సిద్ధమ్మ అత్త వైపు చూసింది. కిష్టవ్వ లేదని తలూపింది.

"ఉన్నది," అంది సిద్ధమ్మ.

"మాట్లాడదా? పద్దెనిమిదేండ్ల సంది మాట్లాడకపాయె, ఇయ్యాల మాట్లాడుతదా."

కిష్టవ్వ ఇక ఉండలేకపోయింది. "నేను మాట్లాడకపోవుడా? కిటికి మూయుమన్నదెవలు? మీ గోషకు మా కిటికి అడ్డమొచ్చింది. మీ సాబు అడిగిండు, మా ఆయన మూసిండు. నేను పొగల సచ్చిన, మీ మర్యాద నిలిచింది. ఇంక మాటలెందుకు?"

అవతల చీపురు కింద పెట్టిన చప్పుడైంది.

"ఏమంటున్నవ్ అక్కా?" అంది బషీరున్నీసా నెమ్మదిగా. "మేమేడ అడిగినం? గా కిటికిలకెల్లే గద నేను నీకు నిప్పిచ్చేది. నువ్వు నాకు మక్కగారెలిస్తుంటివి. మనిద్దరికి గోషేంది? మీ ఆయనే వచ్చి మా ఆయనతోని చెప్పిండు. మీ వంట వాసన మా ఆడోల్లకు పడ్తలేదు సాబు, కిటికి మూస్తున్న, ఏమనుకోకుండ్రి అన్నడు. నేను మూడొద్దులు బువ్వ తినలే. కిష్టక్క గట్లంటదా అని."

"నేనా? నేనట్ల ఎందుకంట?"

"గదే నేనూ అనుకున్న. కని అడిగేటందుకు కిటికి లేకపాయె."

కిష్టవ్వ గోడ పట్టుకుని కూర్చుంది. ఆమె ముఖంలోంచి కోపం పోయింది. కోపం పోయాక అక్కడ ఇంకేమీ లేదు, ఒట్టి ముసలి ముఖం మిగిలింది.

సిద్ధమ్మకు అంతా అర్థం కాలేదు. ఆమె ఆలోచన మట్టి మీదే ఉంది. "బీబమ్మా," అంది తొందరగా, "గిదంతా తర్వాత మాట్లాడుకోండ్రి. గీ బొక్క మళ్ళ మూస్తున్నరు. గాలొస్తే పొగ పోతదనుకున్న. పొగ పోయింది గని మగ్గం గదిల పడ్డది. పడుగు కరాబైంది."

"పడదా మరి?" అంది బషీరున్నీసా. "మా ఆయన గిన్నెలకు కళాయి వేసేటోడు బేటీ. పొద్దంత పొయ్యితోని, పొగతోనే ఆయన పని. ఆయన ఎప్పుడు ఒకటే చెప్తడు. గాలి కిందికెల్లి రావాలె, పొగ మీదికెల్లి పోవాలె. నువ్వు వచ్చేటందుకు తొవ్వ పెట్టినవ్, పోయేటందుకు పెట్టలే. అది గుమ్మం చూసుకున్నది. మా పొయ్యి మీద కప్పుల చూడు, కుండ ఉండదా?"

"దిష్టికుండనా?" అంది సిద్ధమ్మ.

సాబు ఇంటి కప్పు మీద నల్లటి కుండ ఒకటి బోర్లించి ఉంటుంది. సాలెవాడంతా దాన్ని చూసింది. సాబు దుకాణం మంచిగా నడుస్తోంది కాబట్టి నరదిష్టి తగలకుండా పెట్టుకున్నాడని అందరూ అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు తమ ఇళ్ళ మీద కూడా పెట్టుకున్నారు, అడుగు పగలగొట్టకుండానే.

అవతల బషీరున్నీసా నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గింది. "దిష్టి కాదు, పాడు కాదు. అడుగు పలగొట్టిన కుండ. ఒక గూన తీసి దాని జాగల బోర్లిచ్చి పెట్టిండు. పొగ అండ్లకెల్లి సక్కగ మీదికి పోతది. ఇరుకు జాగ, కోతి దూరది. మా ఇంట్ల పాత కుండ ఇంకోటున్నది. కావాల్నంటే..."

ఆమె మాట ఆగింది. వీధి గుమ్మం చప్పుడైంది. రాజమల్లయ్య తట్టతో మగ్గం గది దాటి వచ్చి తడిబట్ట పక్కన నిలబడ్డాడు. మోచేతుల దాకా తడిమట్టి. ఎప్పటినుంచి వింటున్నాడో.

కిష్టవ్వ తల ఎత్తింది. కొడుకు ముఖం చూసింది. తల్లికి కొడుకు ముఖం చదవడానికి కళ్ళు మంచిగా ఉండనక్కర్లేదు.

"నీకెరుకనా?" అంది.

అతను తట్ట కింద పెట్టలేదు.

"రాజమల్లూ. నీకెరుకనా?"

"అప్పుడు గూడ పడుగు మీద మసి పడ్డది," అన్నాడు చివరికి. "గిట్లనే. గీ జాగలనే. నాయిన చూసి, గా పొద్దే మట్టి తొక్కిండు. నేనే నీళ్ళు పోసిన."

"మరి సాబు మాట?"

"నూలు కోసమని చెప్తే నువ్వు ఒప్పుకోవని... నీకు అప్పుడే కండ్లు గుంజుతుండె. సాబు అడిగిండంటే మర్యాదకు ఊకుంటదన్నడు. మీ అవ్వకు చెప్పద్దురా అన్నడు."

"ఆయన పోయి ఏడేండ్లాయె."

రాజమల్లయ్య తట్టలోని మట్టిని చూశాడు.

"ఏడేండ్లు నువ్వు నా కండ్లు చూసుకుంట తిన్నవ్," అంది కిష్టవ్వ. తిట్టినట్టు అనలేదు. తనకు తానే లెక్క సరిచూసుకున్నట్టు అంది.

అత్త ఏడుస్తుందనుకుంది సిద్ధమ్మ, అరుస్తుందనుకుంది. గోడకు తల కొట్టుకుంటుందేమోనని పిల్లను ఒక చంకలోకి మార్చుకుని రెండో చెయ్యి సిద్ధంగా పెట్టుకుంది. ఏమీ జరగలేదు.

కిష్టవ్వ లేచింది. గుమ్మానికున్న తడిబట్ట ముడి విప్పింది. బట్టను ఎండు నేల మీద, కొడుకు కాళ్ళ ముందు, బలమంతా పెట్టి పిండింది. నల్లటి నీళ్ళు అతని పాదాల మీదికి పారాయి.

"గిది ఒక్క పూట మసి," అంది. "నాది పద్దెనిమిదేండ్లది. పిండితే ఎంతొస్తదో చూస్తవా?"

"అవ్వా, బట్ట కట్టు. పడుగు ఆరుతది."

ఆమె విననట్టే వెళ్ళి ఆ బట్టను వెనక గోడ బొక్కకు అడ్డంగా, చెక్క చట్టానికి రెండు కొసలూ దోపి వేలాడదీసింది. "బషీరూ," అంది గోడతో, "నీ గోషకు తెర కట్టిన. గాలైతే వస్తది. నువ్వు గా కుండ తీసి పెట్టు." ఆ పేరు అంత పొట్టిగా ఆమె నోట్లోంచి రావడం సిద్ధమ్మ ఎన్నడూ వినలేదు. అవతల ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

తర్వాత కిష్టవ్వ కోడలి చంకలోంచి కొమురవ్వను తీసుకుంది. పిల్లను ఎత్తుకుని గుమ్మం దాటింది. మైసయ్య కాలం నుంచి పిల్ల అడుగు పడని మగ్గం గదిలోకి పోయి, పడుగు పక్కన చాపమీద కూర్చోబెట్టింది.

"గీడ కూసో. ఎవ్వడు లేపినా లేవకు."

కొమురవ్వ తెల్లటి నూలును చూసి, ముట్టుకోకూడదని తెలుసు కనుక, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

కిష్టవ్వ వెనక్కి వచ్చింది. పొయ్యి ముందు కూర్చుంది. తడిసిన కట్టెలు పక్కకు నెట్టి కొత్త కట్టెలు పెట్టింది. బూడిద కింద నిప్పు కోసం వెదికి, దొరికాక ఊదింది.

"ఏం చేస్తున్నవవ్వా?"

"బువ్వ ఒండుతున్న. సగం ఉడికి ఆగింది. అందరం తినాలె గద." మళ్ళీ ఊదింది. "గుమ్మానికి బట్ట లేదు. నీ పడుగు గాడనే ఉన్నది, నీ బిడ్డ గాడనే ఉన్నది. పొగ ఇద్దరిని ఒక్కతీరుగ పడ్తది. ఇప్పుడైతే నీకు తెలుస్తదేమో ఎటు పోవాల్నో."

"అత్తా, పిల్ల," అంది సిద్ధమ్మ. పిల్లను తేవడానికి రెండడుగులు వేసింది. కిష్టవ్వ ఆమె కొంగు పట్టుకుంది. ముసలి చెయ్యి అంత గట్టిగా ఉంటుందని సిద్ధమ్మకు తెలియదు.

"నువ్వు పోకు. ఎప్పటికి నువ్వే పోతవని వాడు నిలబడ్డడు."

పొగ లేచింది. కాసేపు కప్పు కింద తిరిగింది. తర్వాత తడిబట్ట వెనక నుంచి వస్తున్న గాలికి దారి గుర్తొచ్చినట్టు గుమ్మం వైపు వంగింది. రాజమల్లయ్య పొగను చూశాడు, లోపలికి చూశాడు. పడుగును చూశాడో, పిల్లను చూశాడో సిద్ధమ్మకు తెలియలేదు. రెండూ ఒకే చోట ఉన్నాయి. అతని చేతుల మీది మట్టి ఆరి అంచుల్లో పగలడం మొదలైంది.

తట్ట అక్కడే పెట్టి, ఏమీ చెప్పకుండా అతను వీధిలోకి వెళ్ళిపోయాడు. పిల్లను ఎత్తుకోలేదు. పడుగు మీద బట్ట కప్పలేదు. వీధి తలుపు మూసిన చప్పుడైంది.

"పోయిండు," అంది సిద్ధమ్మ. "అత్తా, కొంగిడువు. పోయిండు."

కిష్టవ్వ కొంగు విడవలేదు. ఊదడం కూడా ఆపలేదు. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఈసారి అవి ఏ నీళ్ళో చెప్పడానికి లేదు. మగ్గం గదిలో కొమురవ్వ ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. రెండు దగ్గులకూ నడుమ పిల్లికూత మళ్ళీ మొదలైంది.

అప్పుడు కప్పు మీద గూన కదిలింది.

ఇద్దరూ తలలెత్తారు. పొయ్యికి సరిగ్గా పైన కాదు, కొంచెం పక్కగా. పెంకు మీద పెంకు రాసుకున్న చప్పుడు. రాజమల్లయ్య చేతుల మీద ఆరినలాంటి మట్టిపెచ్చు ఒకటి రాలి కుండ మూత మీద పడింది.

"కోతి," అంది కిష్టవ్వ. అంది గాని ఊదడం ఆపింది.

కోతే కావచ్చు. ఈ వేళకు రోజూ వస్తాయి. అన్నం వాసనకు గూనలు కదిలించి చూసి, చోటు దొరక్క పోతాయి. సిద్ధమ్మ చెవులు రిక్కించింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ ఆగింది. లోపల పిల్ల మూడోసారి దగ్గింది.

ఇగో అంటే పైకి వినబడదు. నిన్నే అంటే ఎవర్ని అన్నట్టు? పెళ్ళైన ఏడేళ్ళలో ఆ మనిషిని పిలవడానికి ఆమెకున్న మాటలు ఆ రెండే.

సిద్ధమ్మ పొగలో తల పైకెత్తి, నోరంతా తెరిచి పిలిచింది.

"రాజమల్లయ్యా."

కిష్టవ్వ చేతిలోంచి కొంగు జారిపోయింది. కప్పు మీద చప్పుడు ఆగింది.